రెండోవాడి చెయ్యి

మా చిన్నాన్న ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. చాలా ఏళ్ల కిందట మామిడితోట చుట్టూ కంచె వేస్తున్నప్పుడు పోయింది. ఇనుప యాంగిల్‌ని ఆయన నిటారుగా పట్టుకున్నాడు, ఎదురుగా ఉన్న మనిషి సమ్మెట ఎత్తి కొడుతున్నాడు. పది దెబ్బలు తిన్నగా పడ్డాయి. పదకొండోది యాంగిల్ అంచు మీద జారి కిందికి వచ్చింది. అంతే సంగతి. కొట్టినవాడిది తప్పా, పట్టుకున్నవాడిది తప్పా అని ఊళ్లో కొన్నాళ్లు మాటలు నడిచాయి. కొట్టేవాడికి ముందురోజు నిద్ర లేదన్నారు, చిన్నాన్న పరాకుగా ఉన్నాడన్నారు. అసలు ఆ చోట ఒక మనిషి చెయ్యి ఎందుకుండాలి అని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

కంచె గుంజల్ని భూమిలోకి దించే పనిముట్లను పక్కపక్కన పెట్టి బేరీజు వేద్దామని కూర్చున్నప్పుడు నాకు కొలబద్దగా పనికొచ్చింది ఆ అడగని ప్రశ్నే. అమ్మేవాళ్ల కొలబద్దలు వేరే ఉంటాయి: గంటకు ఎన్ని గుంజలు దిగుతాయి, బరువెంత, పెట్రోలు ఎంత తాగుతుంది. ‘సురక్షితం’ అన్న మాట ప్రతి పనిముట్టు మీదా అంటించే ఉంటుంది, పచ్చడి సీసా మీద ‘ఇంటి రుచి’ అన్నట్టుగా. దాన్ని పక్కన పెట్టి నేను చూసింది ఒక్కటే. దెబ్బ పడే క్షణంలో రెండోవాడి చెయ్యి ఎక్కడుంది?

ఈ ప్రశ్నకు జవాబు మన ఊరి కొలిమిలో తాతల కాలం నుంచీ ఉంది. కమ్మరి కాలిన ఇనుమును దాగలి మీద పెట్టి పట్టుకారుతో పట్టుకుంటాడు, ఎదుటివాడు సమ్మెట వేస్తాడు. ఇనుము కాలుతుంది కాబట్టి పట్టుకారు పుట్టిందనుకుంటాం. నిజమే. కానీ అదే పట్టుకారు చేతికీ దెబ్బకీ మధ్య రెండడుగుల ఎడం కూడా పెట్టింది. కంచె దగ్గరికొచ్చేసరికి గుంజ చల్లగా ఉంది, చేత్తో పట్టుకుంటే పోలా అనిపించింది. చల్లటి ఇనుము చేసిన మోసం అది.

కాబట్టి మొదటి తులన సమ్మెటకూ సమ్మెటకూ మధ్యే. చేత్తో పట్టుకున్న గుంజ మీద పడే సమ్మెట ఒకటి, పట్టుకారుతో పట్టుకున్న గుంజ మీద పడే సమ్మెట ఇంకొకటి. పనిముట్టు అదే, ప్రమాదం అది కాదు. పొడవాటి కాడ చివర గుంజను కరుచుకునే కొక్కెం పెట్టిన పట్టుకర్ర ఒకటి ఉంటే, పట్టుకునేవాడు మూడు నాలుగడుగుల దూరంలో నిలబడొచ్చు. దీనికి ఇంజను అక్కర్లేదు. అయినా కంచె పని జరిగే చోట నాకు చాలా అరుదుగా కనిపించే వస్తువు ఇదే. చవకైన రక్షణకు ప్రచారం చేసేవాడు ఉండడు, అందులో లాభం లేదు గనక.

సమ్మెట తప్పులన్నీ పట్టుకర్రతో తీరవు. ఇనుము మీద ఇనుము కొట్టినప్పుడు అంచు నుంచి రవ్వంత పెచ్చు లేచి కంటికి తగలొచ్చు. ఎండకు ఎండిన కాడ మీద నుంచి సమ్మెట తల ఊడి ఎగరొచ్చు. చెక్క గుంజ అయితే తల చీలి పువ్వులా విచ్చుకుంటుంది. అందుకే బ్రిటన్‌లో చెక్క గుంజలు కొట్టేవాళ్లు మామూలు సమ్మెట వాడరు. వెడల్పాటి ముఖం ఉన్న పోత ఇనుప సుత్తి వాళ్లకు వేరే ఉంటుంది, దాన్ని ‘మాల్’ అంటారు. ముఖం ఎంత వెడల్పయితే గురి తప్పడం అంత తక్కువ. మంచి సవరణే, కానీ సవరణే. కొట్టేవాడి గురి మీద పట్టుకునేవాడి వేళ్లు ఆధారపడే ఏర్పాటు అలాగే ఉండిపోయింది.

ఆ ఏర్పాటును మొదటిసారి నిజంగా మార్చింది గొట్టం. టెక్సస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు రెండెకరాలు కొని, నాలుగు మేకల్ని తెచ్చి, వాటికి కంచె వేస్తూ ఒకరోజు వీడియో కాల్ చేశాడు. చేతిలో రెండున్నర అడుగుల ఇనుప గొట్టం. ఒక కొస మూసి ఉంది, ఆ మూత దళసరి ఇనుము. రెండు పక్కలా పిడులు. అమెరికాలో పొలం కంచెలకు ఎక్కువగా వాడేది టీ ఆకారపు ఉక్కు గుంజ. అడుక్కి ఆరు వందల గ్రాముల చొప్పున, ఆరడుగులది మూడున్నర కిలోల పైచిలుకు ఉంటుంది. అడుగున చిన్న రేకు అతికి ఉంటుంది, అది మట్టిలో మునిగేదాకా దించాలి. వాడు గొట్టాన్ని గుంజ తల మీద టోపీలా తొడిగాడు. రెండు పిడులూ పట్టుకుని పైకెత్తాడు, కిందికి లాగి వదిలాడు. టంగ్. మళ్లీ ఎత్తాడు. పక్కన ఎవరూ లేరు. గుంజను పట్టుకునే పని గొట్టమే చేస్తోంది, కొట్టే పనీ అదే చేస్తోంది.

నాకు చప్పున రోలూ రోకలీ గుర్తొచ్చాయి, తిరగేసి. వడ్లు దంచేటప్పుడు రోలు కదలదు, రోకలి లేచి పడుతుంది. ఇక్కడ రోకలి భూమిలో నిలబడి ఉంటే, రోలే లేచి దాని నెత్తిన పడుతోంది. పోటు బయట పడే వీలు లేదు, గురి అనే మాటకే చోటు లేదు. నా లెక్కలో గొట్టం గొప్పతనం అది. జాగ్రత్తగా కొట్టు అని మనిషికి చెప్పడం మానేసి, అజాగ్రత్తగా కొట్టినా దెబ్బ జారకుండా చేసింది.

పైగా చేతులెక్కడుండాలో పిడులే చెబుతాయి. రెండు చేతులకూ పని ఉన్నప్పుడు ఏ చెయ్యీ ఉండకూడని చోటికి పోదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పెద్ద పెద్ద కర్మాగారాల్లో ప్రెస్సు యంత్రాలకు రెండు బొత్తాలు పెట్టి, రెండు చేతులతో రెండూ నొక్కితేనే కదిలేట్టు చేసింది ఈ సూత్రం మీదే.

అయితే గొట్టాన్ని పొగిడి వదిలేస్తే అది విమర్శ కాదు, అమ్మకం. గొట్టం ప్రమాదాన్ని తీసేయలేదు, ఒకరి నుంచి ఇంకొకరికి మార్చింది. సమ్మెట దగ్గర దెబ్బ తినేది పట్టుకున్నవాడు, గొట్టం దగ్గర కొట్టేవాడే. ఉత్సాహంగా పైకెత్తినప్పుడు గొట్టం అంచు గుంజ తలను దాటిపోతే, దిగేటప్పుడు అది మళ్లీ గుంజను తొడుక్కోదు. అంచు గుంజ తల మీద పడి, గొట్టం ఓరగిలి మొహం మీదికో నెత్తి మీదికో వస్తుంది. ఏడెనిమిది కిలోల ఇనుము అది. కొత్తగా చేసేవాళ్లకు ఇలాగే తగులుతుంది, అలిసిపోయిన పాతవాళ్లకూ ఇలాగే తగులుతుంది. గుంజ ఎత్తుగా ఉంటే మొదటి దెబ్బలకు చేతులు భుజాల పైకి వెళ్తాయి. ఇక నిచ్చెనో, బండి తొట్టో ఎక్కి కొట్టే ఆలోచన వస్తుంది. నిచ్చెన మీద నిలబడి బరువు ఎత్తి దించడం కన్నా సమ్మెటే మేలు.

దీనికి మందు గొట్టంతో పాటు అమ్మరు, మనమే చేసుకోవాలి. గుంజ తలకు జానెడు కింద ఎర్ర రంగుతో ఒక గీత గీస్తే చాలు. గొట్టం తొడిగినప్పుడు గీత లోపలికి పోతుంది. ఎత్తుతుండగా అంచు కింద ఎర్రగీత కనబడిందంటే అక్కడికి ఆపాలి. ఎత్తు విషయానికి వస్తే, ముందు గడ్డపారతో అడుగు లోతు పొడిచి గుంజను అందులో నిలబెడితే తల ఆ మేరకు కిందికి వస్తుంది, మొదటి దెబ్బల్లో ఊగడమూ ఉండదు. చెవులకు దూది కాదు, సరైన మఫ్‌లు కావాలి. ఉక్కు మీద ఉక్కు మోగే ఆ టంగ్ చెవికి అరచేతి దూరంలో, రోజుకు కొన్ని వందలసార్లు మోగుతుంది.

ఇప్పుడు నాలుగో పనిముట్టును రంగంలోకి దించుదాం: ట్రాక్టర్ వెనక కట్టిన హైడ్రాలిక్ సుత్తి. న్యూజిలాండ్‌లో దీన్ని ‘రామర్’ అంటారు, బ్రిటన్ పల్లెల్లో ‘పోస్ట్ నాకర్’. గొర్రెల మందలు, పచ్చిక కొండలు, మైళ్లకొద్దీ చెక్క గుంజల కంచెలు ఉన్న దేశాలవి. నాలుగైదు అంగుళాల మందం ఉన్న పైన్ మొద్దును చేతి గొట్టంతో దించడం చాలా కష్టం. అందుకని ఎత్తయిన ఉక్కు స్తంభం, దాని వెంట జారే రెండు మూడు వందల కిలోల దిమ్మె, దాన్ని పైకెత్తే హైడ్రాలిక్ జాకీ, వదలడానికి ఒక లివర్.

గొట్టంతో దీన్ని పక్కపక్కన పెడితే మొదట కొట్టొచ్చినట్టు కనిపించేది బలంలో తేడా. ఎనిమిది కిలోల గొట్టాన్ని అర మీటరు ఎత్తి వదిలితే దాని బరువు ఇచ్చేది దాదాపు 40 జౌళ్ల శక్తి. చేతులు కిందికి లాగినందుకు ఇంకొంత కలుస్తుంది. 250 కిలోల దిమ్మె ఒక మీటరు ఎత్తు నుంచి పడితే 2,450 జౌళ్లు. అరవై రెట్ల పైమాటే. గొట్టం తగిలితే బొప్పి కడుతుంది, కుట్లు పడతాయి. దిమ్మె కింద వేలుంటే వేలు ఉండదు.

ఇక్కడే నా కొలబద్ద అసలు పనికొస్తుంది. కాగితం మీద చూస్తే ఈ యంత్రంతో మనిషికి శ్రమ లేదు. ఎత్తడం లేదు, నడుంనొప్పి లేదు, గురి లేదు. గొట్టం లాగే దిమ్మె కూడా దారి తప్పదు, స్తంభం గాడిలోనే జారుతుంది. మరి ప్రమాదం ఎక్కడ? మా పెద్దమ్మ కొడుకు ఇంకో రోజు పక్క పొలంలో ఇలాంటి యంత్రం పనిచేస్తుంటే వీడియో తీసి పంపాడు. నేను దిమ్మెనే చూస్తున్నాను, ఎంత జోరుగా దిగుతోందో అని. చిన్నాన్న నా ఫోను లాక్కుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

“సుత్తి కాదురా, ఆ పక్కన నిలబడినోని చెయ్యి చూడు. గుంజ పట్టుకోనుండాడు.”

నిజమే. ఒకడు లివర్ దగ్గర ఉన్నాడు. ఇంకొకడు గుంజ నిలువుగా ఉందో లేదో చూస్తూ, దాన్ని చేత్తో సర్దుతున్నాడు. గొట్టం ఇంటికి పంపేసిన రెండో మనిషి ట్రాక్టర్ వెనకాల మళ్లీ వచ్చి నిలబడ్డాడు. ఈసారి ఎదురుగా ఉన్నది నాలుగైదు కిలోల సమ్మెట కాదు.

పైగా సమ్మెట కాలంలో ఒక మేలుండేది. కొట్టేవాడు గుంజనే చూస్తూ ఉండేవాడు, ఆ దెబ్బ బరువు వాడి భుజానికి తెలిసేది. లివర్ దగ్గర ఉన్నవాడికి ఆ బరువు తెలియదు. వేలితో చిన్నగా కదిపితే చాలు. ట్రాక్టర్ హోరులో ఒకడు ‘ఊఁ’ అంటాడు, ఇంకొకడు ‘ఊఁహూఁ’ అంటాడు. మన భాషలో అవుననడానికీ కాదనడానికీ మధ్య ఉన్నది ఒక మూలుగే కదా. గుంజ తలకూ దిమ్మెకూ మధ్య చెయ్యి చిక్కేది ఆ మూలుగు సరిగ్గా వినబడనప్పుడే. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవడమెందుకు అంటారు. ఇక్కడ రోట్లో తల పెట్టినవాడు ఒకడు, రోకలి వేసేవాడు వేరొకడు కావడమే చిక్కు.

ఈ జాతి యంత్రాల్లో మంచిదేదో, నాసిదేదో చెప్పమంటే నేను దిమ్మె బరువు అడగను. మూడు విషయాలు అడుగుతాను. లివర్ మీద నుంచి చెయ్యి తీయగానే దిమ్మె ఆగుతుందా, లేక మొదలెట్టిన దెబ్బ పూర్తి చేసే తీరుతుందా? గుంజను యంత్రమే దవడలతో పట్టుకుంటుందా, లేక మనిషి పట్టుకోవాలా? లివర్ దగ్గర నిలబడినవాడి చెయ్యి ఎంత చాచినా గుంజ తలకు అందకుండా ఉందా? మూడోది చాలామందికి విచిత్రంగా తోస్తుంది. యంత్రం అందుబాటుగా ఉండాలి గానీ అందకుండా ఉండడమేమిటని. అందితే పెడతాం. పొద్దున నుంచి మూడు వందల గుంజలు దించిన మనిషి, మూడు వందల ఒకటోది కాస్త ఒరిగితే ఆలోచించకుండా చెయ్యి పెడతాడు.

యూరప్‌లో యంత్రాలు తయారుచేసే కంపెనీలకు 2006లో యంత్రాల ఆదేశం ఒకటి వచ్చింది, యంత్రాల్ని వాడించే యజమానులకు బ్రిటన్‌లో 1998 నాటి నిబంధనలున్నాయి. రెండింటి సారాంశం కూడా ఇదే వరసలో నడుస్తుంది: ముందు ప్రమాదం లేకుండా యంత్రాన్ని రూపొందించు, కుదరకపోతే అడ్డు పెట్టు, హెచ్చరిక రాయడం, మనిషికి నేర్పడం ఆ తర్వాత. మన దగ్గర ఆ వరస తిరగబడి ఉంటుంది. బోర్డు ముందొస్తుంది. మన 1983 నాటి ప్రమాదకర యంత్రాల చట్టం పల్లెల్లో చేతులు తెగిపోతున్నాయనే వచ్చింది, కానీ అందులో పేరు పెట్టి చెప్పింది నూర్పిడి యంత్రాన్ని. మిగతావాటిని ప్రభుత్వం నోటిఫై చేస్తే చేర్చుకోవచ్చని వదిలేశారు.

గొట్టానికీ ట్రాక్టర్‌కీ మధ్య ఇంకో రకం ఉంది. పెట్రోలు ఇంజను తగిలించిన చేతి యంత్రం. గుంజ తలకు తొడిగి మీట నొక్కితే నిమిషానికి వెయ్యికి పైగా చిన్న చిన్న దెబ్బలు వేస్తుంది. కొనేవాళ్లకు ఇదే ముద్దొస్తుంది. ఎత్తి దించక్కర్లేదు, రెండోవాడు అక్కర్లేదు, ట్రాక్టర్ అక్కర్లేదు. నా కొలబద్దతో చూసినా మొదటి మార్కు దీనికే పడాలి, రెండు చేతులూ పిడుల మీదే ఉంటాయి మరి. అయినా నేను దీన్ని గొట్టం కన్నా కిందే పెడతాను.

ఎందుకంటే ఇది దెబ్బను చేతిలోపలికి పంపిస్తుంది. 1918లో అలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, బెడ్‌ఫర్డ్ దగ్గర సున్నపురాయి పనివాళ్లను పరీక్షించింది. గాలి సుత్తులతో రాయి చెక్కే వాళ్ల వేళ్లు చలికి పాలిపోయి తెల్లగా, మొద్దుబారి ఉండేవి. సుత్తి అదురే కారణమని ఆమె తేల్చింది. ఆ జబ్బు ఇప్పటికీ పోలేదు. రక్తనాళాలూ నరాలూ ఏళ్ల తరబడి మెల్లగా దెబ్బతింటాయి, ఒక స్థాయి దాటాక వెనక్కి రావు. యూరప్‌లో 2002లో అదురుకు హద్దులు పెట్టారు. ఎనిమిది గంటల సగటు 2.5 దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 5 దాటనే కూడదు (కొలత సెకను వర్గానికి మీటర్లలో). పిడి దగ్గర అదురు 10 ఉన్న యంత్రం చేతికిస్తే లెక్క ఎలా వస్తుందంటే, అరగంటకు మొదటి గీత, రెండు గంటలకు ఆఖరి గీత. మన కూలీ రెండు గంటలకు యంత్రం దించి కూర్చుంటే ఒప్పుకునే మేస్త్రీ ఎవరు?

మనది వేడి దేశం, మనకు వేళ్లు తెల్లబడవు అని ఒకాయన నాతో వాదించాడు. ఒక రకంగా నిజమే, ఆ తెల్లదనం చలిలోనే బయటపడుతుంది. కానీ తిమ్మిర్లు, చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోవడం, పట్టు తగ్గడం చలి కోసం ఆగవు. మన దగ్గర అవి వయసు మీద పడటం కింద జమ అవుతాయి. సమ్మెట దెబ్బకు గోరు పోతే అది కనిపిస్తుంది, పదిమంది అయ్యో అంటారు. పెట్రోలు యంత్రం తీసుకునేది కనిపించదు కాబట్టి అది సురక్షితమైనదిగా చెలామణీ అవుతోంది.

ఇంతదాకా రాసింది ఒకటికి రెండుసార్లు చదివితే నాకే ఒక అనుమానం వచ్చింది. ఇదంతా దిగగొట్టేవాళ్ల గొడవ. మనం గుంజను దిగగొడతామా? మన మాట ‘పాతడం’. పందిరి రాట పాతుతాం, కూసం నాటుతాం. గుంత తీసి, నిలబెట్టి, మట్టీ రాళ్లూ వేసి కూరడం మన పద్ధతి. దానికి కారణం సంప్రదాయం కాదు, రాయి. చిత్తూరు, అనంతపురం వైపు పొలాలకు రాతి కూసాలే. తెలంగాణలో వాటినే కడీలంటారు. నల్లరాతి కూసం నెత్తిన సమ్మెట వేస్తే పగులుతుంది. ఇప్పుడొస్తున్న సిమెంటు స్తంభాలూ అంతే. కొట్టకూడని గుంజ కాబట్టి గొయ్యి తవ్వే విద్య పెరిగింది.

రెండోవాడి చెయ్యి లెక్కన చూస్తే మన పద్ధతికి సాటి లేదు. కూసాన్ని పట్టుకునేవాడు ఉంటాడు, కానీ మీద పడే దెబ్బే లేదు. మట్టి కూరే గడ్డపార వేళ్ల దరిదాపులకు రాదు, కాలి వేళ్లకు తప్ప. మరి ఈ పద్ధతినే ప్రపంచానికి చాటుదామా అంటే, నడుమును అడగాలి. ఏడడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న రాతి కూసం 85 కిలోలకు తక్కువ తూగదు. దాన్ని ఇద్దరు మోసి, ఒక కొస గుంతలో పెట్టి, రెండో కొస భుజాలతో లేపి నిలబెట్టాలి. ఆ లేపే క్షణంలో పట్టు తప్పితే పాదం మీద పడేది గోరుతో పోయేది కాదు. ఎండాకాలం నల్లరేగడిలో రెండడుగుల గుంత తవ్వడం ఎలా ఉంటుందో గడ్డపార పట్టినవాళ్లకే తెలుసు. పైగా తవ్వి పూడ్చిన మట్టి మళ్లీ గట్టిపడటానికి వానలు పడాలి. దిగగొట్టిన గుంజ మట్టిని పక్కలకు నొక్కుకుంటూ దిగుతుంది కాబట్టి ఆ రోజు నుంచే బిగిసి ఉంటుంది.

గుంత తీయడానికి ఇప్పుడు ట్రాక్టర్ బర్మాలు వచ్చాయి. వాటి గురించి ఒక్క మాటే. ట్రాక్టర్ వెనక షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. తువ్వాలు కొసో, లుంగీ అంచో దానికి తగిలితే అరవడానికి కూడా వ్యవధి ఉండదు. ఆ షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు విరిగిపోయినా పని ఆగదు, అందుకే ఎవరూ కొత్తది వేయించరు.

దించినా తవ్వినా రెండు పద్ధతుల వాళ్లూ ఒకేలా మరిచిపోయేది కాలి కింద ఏముందో. అమెరికాలో 2007 నుంచి 811 అనే ఒకే నంబరుంది. తవ్వకానికి కొన్నాళ్ల ముందు ఫోన్ చేస్తే తీగలూ పైపులూ ఉన్నచోట వచ్చి రంగు గుర్తులు పెట్టి వెళ్తారు. మన దేశంలో 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్ తెచ్చారు. రోడ్డు పక్క పొలానికి కంచె వేసే రైతుకు అది తెలుసా అంటే, నేను అడిగిన వాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఇనుప గుంజ చేత్తో పట్టుకుని భూగర్భ కరెంటు తీగను తాకినప్పుడు గొట్టమా సమ్మెటా అనే చర్చ ఉండదు.

దిగగొట్టడం మన దగ్గర లేనే లేదనుకోవడమూ తప్పే. జాతీయ రహదారుల అంచున లోహపు పట్టీల అడ్డుగోడ ఉంటుంది కదా, దాని ఉక్కు స్తంభాలు మీటరుకు పైగా భూమిలోకి దించి ఉంటాయి. యంత్రంతో కొట్టే దించుతారు. ఒకసారి బస్సు ఆగినప్పుడు ఆ పని చూశాను. యంత్రం కొడుతోంది, స్తంభం ఒరగకుండా చూడటానికి ఒక కుర్రాడున్నాడు. వాడు స్తంభాన్ని చేత్తో పట్టుకోలేదు. నులక తాడు ఉచ్చులా వేసి, నాలుగడుగుల అవతల నిలబడి, తాడు కొస లాగి పట్టుకున్నాడు. ఎవరు నేర్పారని అడిగేలోగా బస్సు కదిలింది. కొలిమిలో పట్టుకారు చేసే పని అక్కడ నులక తాడు చేస్తోంది. నేను పైన రాసిన మూడు దేశాల యంత్రాల కన్నా ఆ తాడే నాకు ఎక్కువ నచ్చింది. అది చేతిని దూరం పెట్టింది, ఒక్క పైసా అడగలేదు.

తెలుగు నేలకు వీటిలో ఏది అంటే, నా ఓటు ఇలా పంచుతాను. రాతి కూసాల చోట తవ్వడమే, అయితే కూసం లేపడానికి మూడు కాళ్ల కర్రలూ కప్పీ వాడాలి. ఎర్రనేలలో, తడి ఉన్న రేగడిలో తేలిక ఇనుప గుంజలయితే గొట్టం. సమ్మెట తప్పనప్పుడు పట్టుకర్ర లేకుండా వద్దు. ట్రాక్టర్ సుత్తి ఎవరైనా దిగుమతి చేసుకుని అద్దెకు తిప్పితే, దవడలు లేనిదాన్ని ఊళ్లోకి రానివ్వకూడదు. పెట్రోలు యంత్రం పది గుంజలుంటే సరే, పది రోజుల పనికి కాదు.

పోయిన వేసవిలో చిన్నాన్న తోటలోకి పందులు రావడం ఎక్కువైంది. పక్క ఊళ్లో ఎవరో కంచెకు కరెంటు పెట్టుకున్నారని, అలాంటిది మనకొద్దని, పాత కంచె మధ్యలో ఇనుప గుంజలు వేసి వల బిగిద్దామన్నాడు. వెల్డింగ్ షాపుకు నన్నూ తీసుకెళ్లాడు. మూడంగుళాల పైపు ముక్క, అర అంగుళం పలక మూత, రెండు పిడులు. మూతను లోపలి నుంచి కూడా వెల్డింగ్ చేయమని రెండుసార్లు చెప్పించాడు, అది ఊడితే పడేది నెత్తి మీదే గదా అన్నాడు. పిడులు ఇంకా కిందికి పెట్టమన్నాడు, తన భుజం పైకి లేవదని. షాపతను నవ్వుతూ, ఇంత చేసే బదులు ఇంకొక కూలీని పెట్టుకోరాదా అన్నాడు.

“కూలీ దొరుకుతాడు. వాని చెయ్యి యాడ పెట్టమంటావు?” అన్నాడు చిన్నాన్న.

మర్నాడు తెల్లారే మొదటి గుంజ. గడ్డపారతో పొడిచి నిలబెట్టాం, ఎర్రగీత గీశాం, గొట్టం తొడిగాం. ఆయన కుడిచెయ్యి పిడి మీద వేశాడు. ఎడమచెయ్యి మాత్రం దానంతటదే పోయి, గొట్టం కింద గుంజను పట్టుకుంది. ఒక క్షణం ఆ గోరు లేని వేలి వైపు చూసుకుని, మెల్లగా తీసి రెండో పిడి మీద పెట్టాడు.